బీపీ బిళ్ళ, కాల్షియం బిళ్ళ

ఒరేయ్ శీనూ,

బెజవాడ ఎండలు ఎలా ఉన్నాయ్ రా, ఇక్కడ గుంటూర్లో పదైతే చాలు అరండల్‌పేటలో మనిషి కనపడట్లేదు. నాన్నగారికి బీపీకి ఆమ్లోడిపిన్ రాశారు, అది కాల్షియం బ్లాకరంట, మళ్ళీ ఎముకలకని కాల్షియం బిళ్ళ కూడా రాశారు, ఒకదాన్నొకటి కొట్టేసుకోవా అని అడిగావ్ కదా. మామూలు డోసుల్లో కొట్టేసుకోవు. బిళ్ళ వేసుకున్నా రక్తంలో కాల్షియం పెద్దగా మారదు, మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఆ లెక్క తప్పనివ్వవు. ఆమ్లోడిపిన్ కూడా ఒంట్లో కాల్షియాన్ని తగ్గించదు, రక్తనాళం గోడలో కండర కణంలోకి అది దూరే దారిని మూస్తుందంతే.

కణం బయట కాల్షియం లోపలికన్నా సుమారు 10,000 రెట్లు ఎక్కువ, దారి కాస్త తెరుచుకుంటే చాలు లోపలికొచ్చి పడుతుంది, కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి ఒక ఎంజైమ్‌ని లేపుతుంది, అదేమో కణానికి శక్తినిచ్చే ఏటీపీలోంచి ఫాస్ఫేట్ తీసి, కండరాన్ని బిగించే మయోసిన్ అనే ప్రోటీన్‌కి తగిలిస్తుంది, కండరం బిగుస్తుంది. (ఆ ఏటీపీని 1929లో కనిపెట్టిన వాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, అది తల్చుకుంటే ఒళ్ళు పులకరిస్తుందిరా.) నాళం వ్యాసార్థం పదో వంతు తగ్గినా రక్తానికి అడ్డు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది, బీపీ పెరగదూ మరి!

ల్యాబ్‌లో దీన్ని కళ్ళారా చూస్తాం. ఎలక ధమనిని రింగులా కోసి, రెండు కొక్కేలకి తగిలించి, 37 డిగ్రీల ఉప్పునీళ్ళలో వేలాడదీస్తాం, కింద నుంచి ఆక్సిజన్ బుడగలు వస్తుంటాయి. పొటాషియం క్లోరైడ్ పొయ్యగానే కాల్షియం దారులు తెరుచుకుని రింగు బిగుస్తుంది, స్క్రీన్ మీద ఆ బిగువు చూపించే గీత లేచి అక్కడే నిలబడుతుంది. అప్పుడు ఆమ్లోడిపిన్ జాతిదే అయిన నిఫెడిపిన్ వేస్తాం, దానికి వెలుతురు పడదు, అందుకని లైట్లు తగ్గించి వేస్తాం, గీత మెల్లగా దిగుతుంది. కాల్షియాన్ని చూపించే ఫ్యూరా-2 అనే రంగు ఎక్కించి చూస్తే బిగువుతో పాటు లోపలి కాల్షియం కూడా దిగడం కనిపిస్తుంది.

గుండె నొప్పికి నాలిక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ అలా కాదు. అందులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ కణంలో సైక్లిక్ జీఎంపీ అనే సంకేత పదార్థాన్ని పెంచుతుంది, దాంతో కాల్షియం కొంత తగ్గుతుంది, పైగా మయోసిన్ మీది ఫాస్ఫేట్‌ని ఊడబీకే ఎంజైమ్ కూడా లేస్తుంది, అంటే కాల్షియం అంతే ఉన్నా కండరం వదులవుతుంది. ఈ సబ్జెక్ట్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే, ఒక్క కాల్షియమే కొలుచుకుంటూ కూర్చుంటే మందు ఏం చేస్తోందో పూర్తిగా తెలీదు.

ఇక నాన్నగారి చీలమండల వాపు సంగతి. ఆమ్లోడిపిన్ చిన్న ధమనుల్ని వదులు చేసినంతగా సిరల్ని చెయ్యదు, అందుకని మధ్యలో కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. వాపు దీనివల్లే అయితే ఒంటేలు ఎక్కువ పోయించే బిళ్ళలు పెద్దగా పనిచెయ్యవు. అయినా గుండె, కిడ్నీ సంగతి కూడా చూడాలి కాబట్టి డాక్టర్‌కి చూపించండి, డోసు తగ్గిస్తారో, టెల్మిసార్టన్ లాంటి ఇంకో బీపీ మందు కలుపుతారో ఆయన చూస్కుంటారు. నాన్నగార్ని మాత్రం సొంతంగా మానెయ్యనివ్వకు. ఈ మందు ఒంట్లో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది, మానేసిన మర్నాడు కూడా బీపీ బాగానే కనిపిస్తుంది, అది చూసి ఇంక అక్కర్లేదనుకుంటారు, తర్వాత చెప్పాపెట్టకుండా పెరిగిపోతుంది.

అమ్మని అడిగానని చెప్పు. ఆదివారం వస్తున్నా, మందుల చీటీలన్నీ తీసి ఉంచు, కూర్చుని చూద్దాం.

నీ
రవి