మోడల్ రాకెట్ విభాగం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన డెన్వర్ సంఘంలో ఈ మోడల్ రాకెట్ విభాగం పెట్టిన కొత్తలో "దీపావళి తారాజువ్వలకు కూడా ఓ కమిటీ ఎందుకండీ?" అని నవ్వినవాళ్లున్నారు. ఈ ఏడాది ఆ మాట అనే తీరిక ఎవరికీ దొరకలేదు. చలికాలమంతా మన గ్యారేజీల్లో చెక్కపొడి, భోజనాల బల్లల మీద జిగురు సీసాలు. కిందటేడాది డబ్బులో ఎక్కువ భాగం మోటార్లకే (రాకెట్‌ను పైకి తోసే మందు గొట్టాలకే) పోయింది. ఈసారి కార్యవర్గం ఆ లెక్క తిరగేసింది. ఎగరేసే రోజులు తగ్గించి, ఇంట్లో కట్టే పనికి, నునుపు చేసే పనికి, రంగు వేసే పనికి సమయమూ డబ్బూ కేటాయించాం. దీని మీద గొణుగుడు వినపడింది, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

మన ఊరి సంగతి

ఈ హాబీకి పుట్టిల్లు నెబ్రాస్కా రాష్ట్రం అయితే మెట్టినిల్లు మన డెన్వర్. నెబ్రాస్కాలోని నార్‌ఫోక్‌లో చెప్పుల దుకాణం నడిపే ఓర్విల్ కార్లైల్ 1954లో తొలి మోడల్ రాకెట్ చేశాడు. వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసిన జి. హ్యారీ స్టైన్ అది చూసి, 1957లో డెన్వర్‌లో అలాంటి రాకెట్లు తయారుచేసే కంపెనీ పెట్టాడు. మోటార్లు చాలక, బాణసంచా వ్యాపారం చేసే కుటుంబంలోని వెర్న్ ఎస్టెస్‌ను అడిగారు. ఆయన మోటార్లు తయారుచేసే యంత్రమే కట్టి, దానికి మేబెల్ అని పేరు పెట్టాడు. ఎస్టెస్ కంపెనీ తరవాత కొలరాడో స్ప్రింగ్స్ అవతల ఉన్న పెన్‌రోజ్‌కు మారింది. మన పిల్లలు ఈరోజు కొనే కిట్లలో ఎక్కువ భాగం ఆ కంపెనీవే.

ఇదంతా ఇక్కడ రాయడానికి కారణం ఉంది. 1957లో స్పుత్నిక్ ఉపగ్రహం ఎగిరాక అమెరికా పిల్లలు ఇంటి బేస్‌మెంట్లలో ఇనుప గొట్టాల్లో మందు కూరి చేతులు పోగొట్టుకున్నారు. కార్లైల్, స్టైన్ తెచ్చిన మార్పు ఒక్కటే: కట్టేవాడు మందు ముట్టుకోడు. అది కాగితపు గొట్టంలో బిగించి ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, ఒకసారి వాడి పారేస్తాం. చిన్నప్పుడు ఊళ్లో సురేకారం, గంధకం, బొగ్గు నూరి చిచ్చుబుడ్లు కట్టిన పెద్దలు మనలో ఉన్నారు. ఈ మోటార్లలో ఉన్నదీ అదే నల్లమందు కాబట్టి ఇంట్లోనే చేసి చూపిస్తామని ఒకరిద్దరు ముందుకొచ్చారు. వారి నైపుణ్యం మీద మాకు అనుమానం లేదు. అయినా వద్దన్నాం. సొంతంగా మోటార్ నింపినవారికి ఈ విభాగంలో చోటు ఉండదు.

చలికాలం వర్క్‌షాపులు

కొత్తవాళ్లందరికీ 18 మిల్లీమీటర్ల మోటార్ పట్టే చిన్న కిట్ ఇచ్చాం. పెట్టెలో కాగితపు గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, బాల్సా అనే తేలిక చెక్క రెక్కలు, మోటార్ మౌంట్ (మోటార్ కూర్చునే భాగం), పారాచూట్ ఉంటాయి. చూస్తే ఒక పూట పని అనిపిస్తుంది. ఒక్క పూటలో ముగించినవాళ్ల రాకెట్లు మైదానంలో మనకు దూరం నుంచే తెలిసిపోతాయి.

అందరి ఇళ్లలోనూ ఒకే చోట తంటా వచ్చింది. గొట్టం లోపల పసుపు రంగు వుడ్ గ్లూ రాసి, మౌంట్‌ను లోపలికి తోస్తూ మధ్యలో ఎవరో పిలిచారని ఆగారో, అది అక్కడే బిగుసుకుపోతుంది. లాగితే రాదు, నెడితే పోదు. అందుకే ముందుగా ఒక పుల్ల మీద ఎంత లోతుకు పోవాలో గీత పెట్టుకుని, జిగురు రాశాక ఒక్క ఊపులో తోసేయమని చెబుతున్నాం. అంత ధీమా లేనివాళ్లు నిదానంగా ఆరే ఎపాక్సీ జిగురు వాడొచ్చు.

రెక్కలు కోసేటప్పుడు బాల్సా నారలు రెక్క ముందంచుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే వేలితో నొక్కినా విరుగుతుంది. అతికించేటప్పుడు రెక్క అంచుకూ గొట్టానికీ రెండింటికీ జిగురు పూసి, కొంచెం ఆరనిచ్చి, మళ్లీ పల్చగా పూసి పట్టుకుంటే నిమిషంలో నిలబడుతుంది. ఆ తరవాత రెక్కా గొట్టమూ కలిసే మూలలో వేలితో జిగురు దిద్దాలి. రాకెట్‌ను పడుకోబెట్టి, ఒక్కో పక్కా ఆరాకే తిప్పాలి. ఒకేసారి మందంగా పోస్తే బుడగలొస్తాయి.

ఈ మూలల పని మీద మేం పట్టుబట్టడానికి మన ఊరి ఎత్తే కారణం. మైలు ఎత్తున ఉన్నాం, సముద్రతీరంతో పోలిస్తే గాలి సుమారు ఆరో వంతు పల్చన. రాకెట్ కాస్త పైకి పోతుందని పిల్లలకు సంబరమే. కానీ పారాచూట్ దిగేదీ ఆ పల్చటి గాలిలోనే, కాబట్టి వేగంగా దిగుతుంది. జనవరిలో నేల గడ్డకట్టి ఉంటుంది. దెబ్బ ముందు రెక్కకే తగులుతుంది. కిట్ కాగితం మీద రాసిన సూచనలు ఈ ఊరిని చూసి రాసినవి కావు.

ఇక నునుపు చేయడం. కాగితపు గొట్టం మీద చుట్టూ మెలికలా గాడి ఉంటుంది, బాల్సాకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి. ఏమీ పూయకుండా రంగు కొడితే రెండూ మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వుడ్ ఫిల్లర్‌లో కుంచెకు అందేంత నీళ్లు కలిపి పూసి, ఆరాక 220 నంబరు శాండ్‌పేపర్‌తో, తరవాత 400తో రుద్దాలి. ఇది చూసి ఎన్టీఆర్ జిల్లా (ఒకప్పటి కృష్ణా జిల్లా) నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన "మా కొండపల్లిలో చేసేదీ ఇదేగా" అన్నారు. అక్కడ తెల్లపొణికి చెక్కతో చేసిన బొమ్మకు చేతులూ కాళ్లూ అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. పైన సున్నం పూత వేశాకే రంగు. మన ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) చేసే పని కూడా ఆ సున్నం చేసేదే. ఆ పెద్దాయన మిగతా వర్క్‌షాపులన్నిటికీ వచ్చారు. పిల్లలు రుద్దిన గొట్టాన్ని కళ్లు మూసుకుని వేలితో తడిమి "ఇంకా ఉంది" అని వెనక్కి ఇచ్చేవారు. కార్యవర్గం మొత్తం చెప్పినా వినని పిల్లలు ఆయన మాటకు మాత్రం మారు మాట్లాడలేదు.

రంగుకు ఈ ఊళ్లో రెండు చిక్కులు. ఎండాకాలం గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, స్ప్రే తుంపర రాకెట్‌ను చేరేలోపే ఆరి, గరుకుగా పడుతుంది. జానెడు దూరం నుంచి, పల్చగా, పలుమార్లు కొట్టాలి. చలికాలంలో డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే చాలు. పొయ్యి దగ్గరకు మాత్రం తీసుకెళ్లొద్దు. గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న గ్యారేజీలో స్ప్రే చేయకూడదన్న నియమం ఈ ఏడాదే పెట్టాం. ఎండగా ఉన్న మధ్యాహ్నం చూసుకుని బయట కొట్టండి. ముందు తెల్లరంగు, దాని మీద లేత రంగు, చివర ముదురు రంగు. రెండో పూతకు డబ్బా మీద రాసిన గడువు పాటించకపోతే రంగు ముడతలు పడుతుంది. రెండు రంగుల మధ్య గీత సూటిగా రావాలంటే, టేపు అంటించాక దాని అంచు మీద ముందు అడుగు రంగునే మరోసారి పల్చగా కొట్టండి. సందులు మూసుకుపోతాయి, పై రంగు లోపలికి పాకదు.

ఫిల్లర్, రంగు ఎక్కువయ్యేకొద్దీ తోక బరువెక్కుతుందని కూడా గుర్తుంచుకోవాలి. గరిమనాభి (రాకెట్ బరువు సమంగా తూగే బిందువు) వెనక్కి జరిగితే రాకెట్ గాలిలో పల్టీ కొడుతుంది. మోటార్ పెట్టి, తాడు కట్టి తల చుట్టూ తిప్పినప్పుడు ముక్కు ముందుకు ఉన్న రాకెట్‌నే ఎగరేసే ప్యాడ్ మీదకు అనుమతించాం.

ఎగరేసిన రోజులు

దీనికి ఎక్కువ రాయాల్సింది లేదు. గాలి గంటకు 20 మైళ్లు దాటిన రోజుల్లో, గడ్డి ఎండిన వారాల్లో రద్దు చేశాం. ఫోన్లు చేసి కోప్పడినవారికి ఒకే సమాధానం: 2021 డిసెంబర్ 30న మార్షల్ కార్చిచ్చు డెన్వర్ దగ్గరి లూయివిల్, సుపీరియర్ ఊళ్లలో వెయ్యికి పైగా ఇళ్లను కాల్చింది. అదీ నడి చలికాలంలో. మనకు మైదానం ఇచ్చిన రైతు నమ్మకం కన్నా ఒక ఆదివారం విలువైనది కాదు. ఎక్కువమంది వాడింది బి6-4, సి6-5 మోటార్లు. అక్షరం మారినకొద్దీ మొత్తం శక్తి రెట్టింపవుతుంది, తరవాతి అంకె సగటు తోపుడు న్యూటన్లలో, చివరిది పారాచూట్ తెరుచుకునేలోపు ఆగే సెకన్లు. మోటార్ అంటుకోకపోతే 60 సెకన్లు ఆగి గానీ దగ్గరకు వెళ్లకూడదన్న నియమాన్ని పిల్లలు బాగా పాటించారు, నాన్నలు అంతగా కాదు.

పీఎస్‌ఎల్‌వీ నమూనా

ఈ ఏటి గర్వకారణం హైస్కూలు పిల్లలు కట్టిన పీఎస్‌ఎల్‌వీ. శ్రీహరికోట నుంచి లేచే అసలు రాకెట్ ఎత్తు 44.4 మీటర్లు, అడ్డకొలత 2.8 మీటర్లు. 41.6 మిల్లీమీటర్ల గొట్టం తీసుకుంటే 67వ వంతు నమూనా అవుతుంది, ఎత్తు 66 సెంటీమీటర్లు. పక్కన కట్టే ఆరు స్ట్రాప్-ఆన్ మోటార్లకు ఎస్టెస్ వాళ్ల సన్న గొట్టాలు దాదాపు సరిపోయాయి. చిక్కంతా రెక్కల దగ్గరే. అసలు రాకెట్ మంటను అటూ ఇటూ మళ్లించి దారి సరిచేసుకుంటుంది, మన నమూనాకు ఆ సదుపాయం లేదు. పారదర్శక ప్లాస్టిక్ రెక్కలు అమర్చారు. దూరం నుంచి కనపడవు. జెండా డెకాల్‌ను (అంటించే బొమ్మను) ఇంటి ప్రింటర్‌లోనే తీశారు. ప్రింటర్ తెలుపు అచ్చు వేయదు కాబట్టి తెల్ల అడుగు మీదే అంటించాలని ఒకటి చెడిపోయాక తెలిసింది.

ఇండియా ప్రయాణాలు

మేనల్లుళ్లకు తీసుకెళ్తామని చాలామంది అడిగారు. కిట్ సూట్‌కేసులో పెట్టుకోవచ్చు. మోటార్లు, వాటిని అంటించే ఇగ్నైటర్లు మాత్రం చేతి సంచీలోనూ చెక్-ఇన్ సామానులోనూ నిషేధం. ఒక్కటి కూడా పెట్టొద్దు.

సర్వసభ్య సమావేశం ముందుకు

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంపారు. కార్యవర్గం రెండు తీర్మానాలు ప్రతిపాదిస్తోంది. ఒకటి, రంగు వేసి సిద్ధంగా వచ్చే రాకెట్లను ఇకపై సంఘం డబ్బుతో కొనకూడదు. రెండు, అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్‌కు ఒక జట్టు పంపాలి. 6 నుంచి 12వ తరగతి పిల్లలు ముగ్గురి నుంచి పదిమంది వరకు ఉండొచ్చు. కోడిగుడ్డు పగలకుండా దించాలి, నిర్ణీత ఎత్తు, సమయం పాటించాలి. ఫైనల్స్ వర్జీనియాలో జరుగుతాయి కాబట్టి అక్కడిదాకా వస్తే ప్రయాణ ఖర్చులకు విరాళాలు అడగక తప్పదు.

వచ్చే చలికాలానికి గ్యాస్ హీటర్ లేని గ్యారేజీ ఇవ్వగలవాళ్లు కార్యదర్శికి ముందుగానే చెప్పండి. కారు బయట పెట్టుకోవాల్సి వస్తుందని ఇంట్లోవాళ్లకూ చెప్పి ఒప్పించండి.

ఇట్లు,
కార్యవర్గం తరఫున, విభాగ కార్యదర్శి