‘చైనా అధ్యయనంలో తేలింది’ అని రాసేటప్పుడు ఎవరిని అడిగారో కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

షార్ట్ వీడియోలు చూస్తే పిల్లల జ్ఞాపకశక్తి తగ్గుతుందని, నిద్ర చెడిపోతుందని, చదువు అటకెక్కుతుందని ‘చైనా అధ్యయనంలో తేలింది’ అంటూ మీ పత్రికలోనూ మిగతా పత్రికల్లోనూ తరచూ వార్తలు వస్తున్నాయి. ఆ కటింగుల ఫొటోలు స్కూల్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే తల్లిదండ్రులు టెన్షన్ పడుతున్నారు. నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. ఆ వార్తల వెనకున్న పరిశోధన పత్రాలు దొరికితే తీసి చదువుతుంటాను. పత్రంలో ఉన్నదానికీ పేపర్లో వచ్చినదానికీ చాలాసార్లు పొంతన ఉండటం లేదు, అందుకే ఈ ఉత్తరం.

వీటిలో చాలావరకు ఎలా జరుగుతాయో చెప్తాను. చైనాలో వెన్‌జువాన్‌షింగ్ అనే ఆన్‌లైన్ సర్వే సైట్ ఉంది. అందులో ప్రశ్నలు పెట్టి లింకును వీచాట్ (అక్కడి వాట్సాప్ లాంటిది) గ్రూపుల్లోకి వదులుతారు, నింపేవాళ్లు ఎక్కువగా యూనివర్సిటీ విద్యార్థులే. రోజుకు ఎంతసేపు చూస్తారు, రాత్రి నిద్ర పడుతోందా, ఒంటరిగా అనిపిస్తోందా అని అన్నీ ఒకేసారి ఒకే ఫారంలో అడుగుతారు. ఎక్కువసేపు చూస్తామన్నవాళ్లే ఒంటరితనం ఎక్కువని కూడా రాశారనుకోండి, వీడియోల వల్ల ఒంటరితనం వచ్చిందా, ఒంటరిగా ఉన్నవాళ్లు వీడియోలు పెట్టుకుని కూర్చుంటున్నారా అన్నది ఆ ఫారం చూసి ఎవరూ చెప్పలేరు. ఈ లోపాన్ని చాలా పత్రాల్లో ఆఖరి పేజీల్లో పరిశోధకులే ఒప్పుకుంటారు. మన వార్త అక్కడిదాకా వెళ్లదు. అసలు నిన్న ఫోన్లో ఎన్ని నిమిషాలు వీడియోలు చూశామో మనలో ఎంతమంది సరిగ్గా చెప్పగలం? 2022 డిసెంబరు నాటికి చైనాలో షార్ట్ వీడియోలు చూసేవాళ్లు 100 కోట్లు దాటారు. ఒకటి రెండు యూనివర్సిటీల పిల్లలు ఇచ్చిన జవాబుల్ని వాళ్లందరికీ అంటగట్టి, అక్కణ్నుంచి మన ఏడో తరగతి పిల్లవాడికి కూడా అంటగట్టడం న్యాయం కాదు.

ఇంకో గందరగోళం, పరిశోధన డౌయిన్ అనే చైనా షార్ట్ వీడియో యాప్ మీద జరిగితే వార్త పక్కన టిక్‌టాక్ బొమ్మ వేస్తారు. రెండూ బైట్‌డాన్స్ కంపెనీవే. డౌయిన్ 2016లో చైనాలో మొదలైంది, టిక్‌టాక్ 2017లో బయటి దేశాల కోసం వచ్చింది. వీడియోలు వేరు, నిబంధనలు వేరు, చూసేవాళ్లు వేరు. మన దగ్గరైతే 2020 జూన్ 29 నుంచి టిక్‌టాకే లేదు, మన పిల్లలు చూసేది రీల్స్, షార్ట్స్.

14 ఏళ్లలోపు పిల్లలకు డౌయిన్ రోజుకు 40 నిమిషాలే, రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా అస్సలు రాదు అన్న సంగతి (2021 సెప్టెంబరులో పెట్టారు) మన దగ్గర ఎంతో మెచ్చుకుంటూ రాశారు. బాగానే ఉంది. కానీ అసలు పేరు, వయసుతో నమోదైన ఖాతాకే ఆ నియమం పనిచేస్తుంది. తల్లిదండ్రులు పనులకు వలసపోగా పల్లెల్లో నానమ్మ తాతయ్యల దగ్గర పెరిగే పిల్లల గురించి వూహాన్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ఒక నివేదిక ఇచ్చారు. ఆ పిల్లల్లో దాదాపు సగంమంది పెద్దవాళ్ల ఫోన్లే వాడుతున్నారు. తాత ఖాతాకు 40 నిమిషాల హద్దు ఎక్కడుంటుంది? పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వలసపోయే కుటుంబాలకు పనికొచ్చే సంగతి ఇది, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అదే నివేదికలో మూడింట రెండొంతుల మంది తల్లిదండ్రులు తమ పిల్లలు ఫోన్‌కు అలవాటు పడిపోతున్నారని అన్నారు. అది తల్లిదండ్రుల అభిప్రాయం. డాక్టర్లు పరీక్షించి చెప్పిన లెక్క అన్నట్టు దాన్ని హెడ్డింగ్‌లో పెట్టకూడదు.

నిజానికి ఈ పరిశోధనల్లో చాలా మంచివి ఉన్నాయి, అవి మనదాకా రాకపోవడమే నా బాధ. చైనాలో క్వైషౌ అనే యాప్ చిన్న ఊళ్లలో, పల్లెల్లో బాగా పాకింది. 2016లో ఒక వ్యాసం ఆ యాప్‌ను అట్టడుగు జనాల వెకిలి చేష్టల పుట్టగా చూపించింది, నగరాల వాళ్లు దాన్నే పట్టుకున్నారు. 2019లో జియాన్ లిన్, యెరూన్ డి క్లూట్ అనే ఇద్దరు పరిశోధకులు వీడియోలు తీసేవాళ్ల వైపు నుంచి చూశారు. పెద్ద చదువులు లేని పల్లెటూరి వాళ్లు దానివల్ల సృజనాత్మకమైన పని చేసి ఎలా బతుకుతున్నారో, అదే సమయంలో కంపెనీకీ ప్రభుత్వ నిబంధనలకీ ఎలా కట్టుబడి ఉండాల్సి వస్తోందో రాశారు. మన పల్లెల్లో టిక్‌టాక్ చేసినవాళ్ల మీద కూడా ఇవే వెక్కిరింపులు వచ్చాయి. నిషేధం సబబా కాదా అన్నది వేరే సంగతి. ఆ ఖాతాలు ఇప్పుడు ఇక్కడ తెరుచుకోవు కాబట్టి వాళ్ల గురించి ఎవరైనా రాయాలంటే వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి అడగాల్సిందే. మన యూనివర్సిటీల జర్నలిజం శాఖలు ఆ పని ఇప్పుడే చేయాలి.

బిలిబిలి అనే చైనా వీడియో సైట్ సంగతి కూడా చూడండి. అందులో ప్రేక్షకులు రాసిన వ్యాఖ్యలు వీడియోలో సరిగ్గా ఆ క్షణం దగ్గరే తెర మీద పరుగెడతాయి, కాబట్టి ఏ సెకనులో జనం నవ్వారో పరిశోధకులు చూడగలరు. కానీ అక్కడ పూర్తి సభ్యత్వానికి 100 మార్కుల పరీక్షలో 60 రావాలి, పైగా ఒక వీడియోకు చూపించే వ్యాఖ్యల సంఖ్యకు పరిమితి ఉంది, కొత్తవి వస్తుంటే పాతవి తప్పుకుంటాయి. ఊరికే చూసి వెళ్లిపోయేవాళ్లు ఆ లెక్కలో ఉండనే ఉండరు.

కాబట్టి నేను కోరేది చిన్న పని. ఇలాంటి వార్త వేసినప్పుడు ఎంతమందిని, ఎలాంటివాళ్లను అడిగారో, ఏ యాప్ గురించో, ఫోన్ వాడకాన్ని యంత్రం కొలిచిందా మనుషులే చెప్పారా అన్నది రెండు వాక్యాల్లో రాయండి. ఒక్కసారి ఫారం నింపించిన సర్వే అయితే ‘వీడియోల వల్ల’ అని హెడ్డింగ్ పెట్టకండి. పత్రం పేరు, వచ్చిన సంవత్సరం వేస్తే నాలాంటివాళ్లు వెతుక్కుని చదువుకుంటాం, తప్పుంటే మీకే రాస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ