మన కౌలు రైతుల సంఘం వార్షిక నివేదిక – 2025

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా ఒక్క సంతకం చుట్టూ తిరిగింది. అది భూమిగల ఆసామి సంతకం.

ఆగస్టు 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతులకిచ్చే పెట్టుబడి సాయం, అన్నదాత సుఖీభవ, మొదటి విడత పడింది. రాష్ట్రం వాటా 5,000, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 2,000, మొత్తం 7,000 రూపాయలు. నవంబరు 19న రెండో విడత కూడా అంతే. మూడో విడతతో కలిపితే ఏడాదికి 20,000. ఆ రెండు రోజులూ ఊళ్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. నాట్లు వేయించి, ఎరువు చల్లి, కౌలు కింద మక్తా బస్తాలు కొలిచే మనలో చాలామంది ఫోన్లు మాత్రం మోగలేదు. పీఎం కిసాన్ సొంత భూమి ఉన్న కుటుంబాలకే, కౌలుదారుకు అందులో చోటు లేదు. రాష్ట్ర పథకంలో సొంత భూమి లేని కౌలు రైతుకు చోటుంది. అయితే సాగుదారు హక్కు కార్డు ఉండాలి, ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదులో పేరు ఉండాలి.

కార్డు దగ్గరే మన కష్టమంతా. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చినప్పుడు ఆసామి సంతకం అడగలేదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాక ఒప్పంద పత్రం మీద ఆయన సంతకం తప్పనిసరైంది. కార్డు గడువు 11 నెలలు. అంటే ఏటా మళ్లీ ఆ గుమ్మం ఎక్కాల్సిందే. కార్డు ఇస్తే భూమి పోతుందేమోనని ఆసాముల భయం. వాళ్లది దురుద్దేశమని మేం అనుకోవడం లేదు. తాతల నాటి పొలం, వాళ్ల టెన్షన్ వాళ్లది. అందుకే ఈ కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చెప్పే భాగాన్ని ప్రింటు తీయించి ఇంటింటికీ పట్టుకెళ్లాం. హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడాం. కొందరు ఒప్పుకున్నారు, సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దామన్నారు కొందరు. సార్వా (వానాకాలం పంట) నాట్లు అయ్యాక వచ్చే సంతకం ఆ పంటకు ఎందుకు పనికొస్తుంది?

ఒక సభ్యురాలి సంగతి ఇక్కడ చెప్పాలి. భర్త పోయాక కౌలు ఆమే చేస్తోంది. ఆసామికి రాయడం రాదు, కొడుకు ఒప్పుకోడు. మన కార్యవర్గం నాలుగుసార్లు వెళ్లింది. ఐదోసారి ఆ పెద్దాయనే కొడుకును కూర్చోబెట్టి, తను వేలిముద్ర వేశారు. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు బాగా గుర్తుండేది అదే.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. కోతకు దగ్గరపడిన చేలు పడిపోయాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ముందు చూసింది ఈ-పంట జాబితానే. అందులో ఆసామి పేరు ఉన్నచోట, చేను మునిగింది మనదైనా, పేరు మార్పించుకోవడానికి తిరుగుడే తిరుగుడు. పేరు ముందే సరిచూసుకున్నవాళ్లకు ఆ బాధ తప్పింది. రైతు సేవా కేంద్రం దగ్గర జాబితా అతికించిన రోజునే ఫోటో తీసి గ్రూపులో పెట్టాలని అప్పుడే తీర్మానం చేశాం.

బ్యాంకు రుణాల విషయంలో చెప్పుకోదగ్గ ముందడుగు లేదు. కార్డు చూపినా భూమి పాస్‌బుక్ అడుగుతున్నారు. అందుకే మనవాళ్లు ఇంకా బయటివాళ్ల దగ్గర వడ్డీకే అప్పు తెస్తున్నారు.

సంఘం జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం. పుస్తకం ఎవరైనా అడిగి చూడవచ్చు.

ఆసామి సంతకం లేకుండా, గ్రామసభ విచారణతోనే కార్డు ఇచ్చేలా చట్టం మార్చాలని వినతిపత్రం తయారుచేశాం. సమావేశానికి వచ్చేటప్పుడు ఆధార్, పాత కార్డు నకలు తెచ్చుకోండి. గడువు ముగుస్తున్న కార్డుల పేర్లు అక్కడే రాసుకుని, దాళ్వా (రెండో పంట) మాసూళ్లు అయ్యేలోపే ఆసాముల దగ్గరికి బయల్దేరతాం.

– కార్యదర్శి