రాజ్‌దూత్ 350 ముందు బ్రేకు పని గురించి మా కస్టమర్లకు మనవి

గత దసరా తర్వాత విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో రాజ్‌దూత్ 350 మోటార్‌సైకిలు ముందు బ్రేకు బాగు చేయించుకున్న వారందరికీ ఈ మనవి. మీ బండి డ్రమ్మును (చక్రంతో పాటు తిరిగే బ్రేకు గిన్నెను) మేము టర్నింగ్ చేసిన, అంటే లేతు యంత్రం మీద తిప్పి లోపలి వైపు గుండ్రంగా కోసిన, పద్ధతిలో పొరపాటు ఉంది. ఏ పని ముందు, ఏది తర్వాత అన్న వరుసను నిర్ణయించింది నేనే కనుక ఆ పొరపాటు నాదే తప్ప లేతు మీద నిలబడిన పనివాడిది కాదు. ఆ వరుసలోనే మొత్తం పదకొండు బండ్లు బయటికి వెళ్లాయి. వాటన్నిటికీ ముందు చక్రం పనిని మొదటి నుంచీ, మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకుండా, మళ్లీ చేసి ఇస్తాను.

విషయం ఇలా బయటపడింది. మూడు వారాల క్రితం గుంటూరు నుంచి ఒక కస్టమరు బండి తెచ్చి, నిదానంగా ఆగేటప్పుడు బ్రేకు లీవరు వేళ్ల కింద కొట్టుకుంటోందనీ, అరవై డెబ్బై వేగంలో బ్రేకు వేస్తే హ్యాండిలు కూడా సన్నగా వణుకుతోందనీ చెప్పారు. లైనింగు (డ్రమ్ముకు రాసుకుని బండిని ఆపే పొర) ఇంకా కుదురుకోలేదేమో, మరో వంద కిలోమీటర్లు నడిపి చూడమని ముందు నేనన్నాను. విప్పి చూడకుండా ఆ మాట అనడం తప్పు. ఆయన మర్యాదగానే పట్టుబట్టడంతో చక్రం దింపి, ఎత్తుపల్లాలను ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టాను. చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ముల్లు రెండుసార్లు 0.3 మిల్లీమీటర్ల మేర పైకెక్కి దిగింది, అంటే డ్రమ్ము గుండ్రంగా లేదు, కోడిగుడ్డు వాటంగా ఉంది. అదే డ్రమ్ము లేతు మీద నుంచి దిగిన రోజున 0.03 లోపే ఉన్నట్లు మా పని పుస్తకంలో రాసి ఉంది. ఆ రెండు కొలతలూ సరైనవే. మధ్యలో జరిగిందల్లా చక్రానికి స్పోకులు బిగించడం.

ఈ బండి హబ్బు (డ్రమ్ము ఉండే చక్రం మధ్య భాగం) అల్యూమినియంతో పోత పోసినది, లోపల షూ (లైనింగు అతికించిన వంపు ముక్క) రాసుకునే భాగం మాత్రం ఇనుప కట్టు. స్పోకులు బిగించినప్పుడు ప్రతి స్పోకూ హబ్బును తన వైపుకు లాగుతుంది. ఆ లాగుడు అన్ని వైపులా సమానంగా ఉండదు, ముఖ్యంగా పాత రిమ్ముకు బెండు తీసేటప్పుడు ఒక చోట ఎక్కువ, ఇంకో చోట తక్కువ బిగించవలసి వస్తుంది. కంటికి కనిపించని ఆ వంపే డ్రమ్ము లోపలి గుండ్రదనాన్ని చెడగొడుతుంది. మేము విడి హబ్బును టర్నింగ్ చేసి, ఆ తర్వాత స్పోకులు కట్టాము. చేయవలసింది దీనికి తలకిందులుగా: కొత్త బేరింగులు వేసి, స్పోకులు కట్టి, బెండు తీసి, ఆ చక్రాన్ని చక్రంగానే లేతు ఎక్కించి డ్రమ్మును కోయాలి. మా షెడ్డులోని లేతు మీద పద్దెనిమిది అంగుళాల రిమ్ము తిరగదు, అందుకే విడి హబ్బుతో సరిపెట్టుకున్నాను. మా వీధి చివర లారీ డ్రమ్ములు కోసే పెద్ద లేతు ఎప్పటి నుంచో ఉంది. అక్కడికి చక్రం మోసుకెళ్లి, వాళ్ల వంతు కోసం ఎదురుచూడటానికి బద్ధకించాను.

ఈ బండికి ముందు బ్రేకు ఎంత ముఖ్యమో దాని కథ తెలిసినవారికి చెప్పనవసరం లేదు. జపాన్‌లో యమహా ఆర్‌డీ 350కి ముందు డిస్క్ బ్రేకు ఉండేది. 1983లో ఎస్కార్ట్స్ సంస్థ దాన్ని రాజ్‌దూత్ పేరుతో మన దేశంలో తయారు చేయడం మొదలుపెట్టినప్పుడు, ఖర్చు తగ్గించడానికి డిస్కు స్థానంలో ఏడంగుళాల డ్రమ్ము పెట్టింది. 347 సీసీ జంట సిలిండర్ల ఇంజిను, మొదటి రకంలో 30.5 హార్స్‌పవర్, ఆపడానికి మాత్రం ఈ డ్రమ్ము. ఆ డ్రమ్ము తన శక్తినంతా ఇస్తేనే బండి నమ్మకంగా ఆగుతుంది, కాబట్టి ఇందులో పావు వంతు తగ్గినా నాకు నిద్ర పట్టదు.

నిజానికి అది మంచి బ్రేకే. మామూలు డ్రమ్ములో రెండు షూలకూ, వాటిని డ్రమ్ము మీదికి నెట్టే కామ్ ఒకటే ఉంటుంది. తిరిగే డ్రమ్ము ఒక షూను తనలోకి లాక్కుంటుంది, రెండోదాన్ని వెనక్కి నెట్టేస్తుంది. దీనిలో ఒక్కో షూకు ఒక్కో కామ్ ఉండి, రెండింటినీ బయట ఒక లింకు రాడ్డు కలుపుతుంది, కనుక రెండు షూలనూ డ్రమ్ము తనలోకి లాక్కుంటుంది. అయితే చక్రం వెనక్కి తిరిగినప్పుడు ఆ బలం రెండు షూలకూ లేకుండా పోతుంది. కనకదుర్గమ్మ గుడి ఘాట్ రోడ్డులో ఎగువకు ఆగిన బండి ముందు బ్రేకు మీద నిలవక వెనక్కి జారుతోందని మీలో ఇద్దరు అడిగారు. అది మా పొరపాటు కాదు, ఆ బ్రేకు స్వభావమే, అక్కడ వెనక బ్రేకు తొక్కి పట్టుకోవాలి.

ఈ లింకు రాడ్డు దగ్గరే చాలా బండ్లు సగం బ్రేకుతో తిరుగుతుంటాయి. రాడ్డు పొడవు తేడాగా ఉంటే ఒక షూ ముందు తగిలి, రెండోది తగలకుండానే లీవరు గట్టిపడిపోతుంది. రాడ్డు విప్పి, ఒక్కొక్క కామ్‌ను చేత్తో తిప్పి షూ డ్రమ్మును తాకే చోటు గుర్తించి, రెండూ ఒకేసారి తాకేటట్లు రాడ్డు పొడవు కుదిర్చిన తర్వాతే మళ్లీ బిగించాలి. తర్వాత యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు బ్రేకు లీవరు గట్టిగా పట్టి ఉంచితే, షూలను మోసే బ్రేకు ప్లేటు డ్రమ్ము మధ్యలో తనంతట తానే కుదురుకుంటుంది. ఈ రెండు పనులూ మేము మొదటి నుంచీ సరిగానే చేస్తున్నాము.

లైనింగు పద్ధతి కూడా మారుస్తున్నాను. కోసిన డ్రమ్ము వ్యాసం పెరుగుతుంది కనుక, మామూలు మందం లైనింగు అందులో మధ్యన మాత్రమే తాకుతుంది. ఇకపై కాస్త మందమైన లైనింగు అతికించి, షూలను బ్రేకు ప్లేటు మీదే ఉంచి, డ్రమ్ముకు సరిపడేటట్లు లేతు మీద కోస్తాము. డ్రమ్ము లోపల సుద్ద రాసి తిప్పి చూసినప్పుడు లైనింగులో ముప్పావు వంతుకైనా తెల్లమచ్చ పడకపోతే బండి ఇవ్వను. పాత స్టాకు లైనింగులు తెచ్చి వేయమని అడగవద్దని కోరుతున్నాను. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి మా పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. విప్పిన పాత డ్రమ్మును కూడా గాలి కొట్టి దులపడం మానేసి, తడిగుడ్డతోనే తుడుస్తున్నాము.

డ్రమ్ము అసలు వ్యాసం 180 మిల్లీమీటర్లు. 181 దాటవలసి వస్తే నేను కోయను, అది చెప్పి హబ్బు తిరిగి ఇచ్చేస్తాను. తిరిగి తీసుకుంటున్న పదకొండింటిలో రెండు డ్రమ్ములు ఆ హద్దుకు దగ్గరలో ఉన్నాయి. అవి మళ్లీ కోతకు నిలవకపోతే, మంచి హబ్బు వెతికి తెచ్చే ఖర్చు నాదే.

ఇకపై కొత్తగా పని ఇచ్చేవారికి నాలుగు రోజులకు బదులు పది పన్నెండు రోజులు పడుతుంది, పెద్ద లేతు కూలి కలిసి ఖర్చూ పెరుగుతుంది. ఇప్పటికే బయానా ఇచ్చిన వారికి పాత ధరే.

లీవరు కొట్టుకుంటున్న బండిని దయచేసి హైవే ఎక్కించకండి, దూరంగా ఉన్నవారు బండి నడపకుండా ముందు చక్రాన్ని బ్రేకు ప్లేటుతో సహా విప్పి పార్సిల్ చేయండి, రానూపోనూ ఖర్చు మేమే భరిస్తాము. పంపేటప్పుడు లింకు రాడ్డును విప్పకుండా అలాగే ఉంచండి, మేము ఎలా బిగించి ఇచ్చామో నేను చూడాలి. తిరిగి వచ్చిన చక్రం బిగించాక మొదటి మూడు వందల కిలోమీటర్లు బ్రేకును మెల్లగా, ఎక్కువసార్లు వాడండి. ఆ తర్వాత లీవరులో మళ్లీ కొట్టుకోవడం కనిపిస్తే, ఎంత స్వల్పమైనా, వెంటనే నాకు చెప్పండి.