కంపెనీ పెట్టించారు, గడువులు చెప్పలేదు

సంపాదకులకు నమస్కారం.

మాది ఆత్రేయపురం. మా అత్తగారి దగ్గర నేర్చుకున్న పూతరేకులనే నేనూ మా ఆడపడుచూ వ్యాపారం చేసుకున్నాం. నష్టమొస్తే ఇల్లూ కొబ్బరితోటా పోకూడదని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాం. పెట్టడం కష్టం కాదు. ఇద్దరు మనుషులు, పాన్, ఆధార్, డిజిటల్ సంతకం, ఆఫీసు చిరునామాకు కరెంటు బిల్లు ఉంటే దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. లక్ష రూపాయల కనీస మూలధనం ఉండాలన్న నిబంధన 2015లోనే తీసేశారు.

కానీ మాకు రిజిస్ట్రేషన్ చేయించినాయన అసలు మాట చెప్పలేదు. అమ్మకాలున్నా లేకున్నా ఏటా ఆడిట్ చేయించాలి, లెక్కలూ వార్షిక రిటర్నూ దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు! గోదావరి వరదకు పొయ్యి వెలగని రోజుల్లోనూ అది పెరుగుతూనే ఉంది. ఆ టెన్షన్‌తో నిద్రపట్టేది కాదు. పైగా బ్యాంకు అప్పుకు సొంత హామీ సంతకం పెట్టాక, తోటకు రక్షణేదీ?

మాలాంటివాళ్లకు ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ, నయమనిపిస్తోంది. అందులోనూ సంస్థ నష్టాలకు మన బాధ్యత పరిమితమే. టర్నోవరు 40 లక్షలు, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు మించకపోతే ఆడిట్ తప్పనిసరి కాదు. ఏటా రిటర్నులు మాత్రం వేయాల్సిందే. జిల్లా పరిశ్రమల కేంద్రం వారు ఈ సంగతులను మండలాల్లో తెలుగులో చెప్పించాలని కోరుతున్నాను.

— ఒక పూతరేకుల తయారీదారు, ఆత్రేయపురం