రంగులు వేసినవారి పేరు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్ హైటెక్స్‌లో బొమ్మల కథల అభిమానుల పండగ కామిక్ కాన్ ముగిసిన మర్నాడు మీ పత్రికలో నాలుగు ఫొటోలు వేశారు. నాలుగింట్లోనూ వేషాలు కట్టిన పిల్లలే. ఫొటోలు బాగున్నాయి. ఫోమ్ షీట్లు కోసి, వేడిచేసి వంచి, అతుకు కనపడకుండా రంగు పూసి, ఆ కవచాలు ఎక్కడ చిట్లుతాయోనని మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చిన పిల్లల్ని నేను కళ్లారా చూశాను. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ అదే హాల్లో ఒక వరస బల్లల మీద తాము గీసిన బొమ్మలు, రంగులు వేసిన పుస్తకాలు పెట్టుకుని రోజంతా కూర్చున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి ఒక్క వాక్యం కూడా రాలేదు. అందులో మా మేనకోడలు ఒకతి. ఈ ఉత్తరం ఆమె కోసమే రాయడం లేదు గానీ, మొదలుపెట్టడం మాత్రం ఆమె దగ్గరే.

ఆ అమ్మాయి చేసే పని బొమ్మల కథలకు రంగులు వేయడం. గీసేది వేరొకరు, కథ రాసేది మరొకరు. ఈమె దగ్గరికి నల్లగీతల పేజీ వస్తుంది. ముందు మనిషిని, చీరను, చెట్టును, ఆకాశాన్ని దేనికది విడదీసి చదునుగా రంగు నింపాలి. దాన్ని ఫ్లాట్స్ అంటారు. ఒక పేజీలో జనం ఎక్కువగా ఉంటే దానికే పూట గడిచిపోతుంది. ఆ తర్వాత వెలుగు ఎటునుంచి పడుతోంది, నీడ ఎక్కడ, ఇది తెల్లవారుజామా సంజెవేళా అన్నది తేల్చుకుని మళ్లీ మొదటి గడి నుంచి రావాలి. ఓ ప్రచురణ సంస్థ కోసం ఒక పురాణ కథకు ఇలా 32 పేజీలు చేసింది. రెండున్నర నెలలు పట్టింది. పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే రచయిత పేరుంది, చిత్రకారుడి పేరుంది, సంపాదకుల పేరుంది, అచ్చువేసిన ప్రెస్సు పేరు ఊరుతో సహా ఉంది. ఈమె పేరు లేదు.

ఆ పుస్తకాన్నే బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం ఏడెనిమిదేళ్ల పిల్లాణ్ని వెంటబెట్టుకుని ఒకావిడ వచ్చారు. పిల్లవాడు సముద్రం ఉన్న పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆకుపచ్చలోంచి నీలంలోకి, నీలంలోంచి దాదాపు నలుపులోకి దిగిపోయే సముద్రం అది. "ఇది నువ్వేశావా అక్కా?" అన్నాడు. గీత వేరేవాళ్లది, రంగు నాది అని చెప్పింది. ఆ తల్లి మర్యాదగానే, పిల్లాడికి చూపించాలనే ఉద్దేశంతోనే పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఇందులో నీ పేరెక్కడుందమ్మా?" అని అడిగారు. "లేదండీ" అంది మా అమ్మాయి. ఆవిడ పుస్తకం కొనుక్కున్నారు, పిల్లాడు సంతకం పెట్టమన్నాడు. పేరు లేని పుస్తకం మీద ఎక్కడ సంతకం పెట్టాలో తెలియక కాసేపు కలం పట్టుకుని ఉండిపోయి, చివరికి ఆ సముద్రం పేజీలోనే ఒక మూల పెట్టింది.

నేను ఆ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. తెల్లవారకముందే విజయవాడలో బయలుదేరి, శాతవాహన రైల్లో సికింద్రాబాద్ దిగి, మెట్రో పట్టుకుని హైటెక్ సిటీ స్టేషన్‌కు చేరి, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లాను. నాకిప్పుడు అరవయ్యారేళ్లు. అంత దూరం వెళ్లిందీ, ఆ "లేదండీ" అన్న మాటకు అంతగా నొచ్చుకున్నదీ మేనమామను కాబట్టి మాత్రమే కాదు. నేనూ ఆ పనే చేశాను.

గవర్నర్‌పేటలో ఒక ప్రాసెస్ స్టూడియోలో 1978 నుంచి 2007 దాకా ఉన్నాను. ప్రాసెస్ స్టూడియో అంటే ఇప్పటివాళ్లకు చెప్పాలి. రంగుల బొమ్మను పెద్ద కెమెరా ముందు నిలబెట్టి ఎర్ర ఫిల్టరుతో, ఆకుపచ్చ ఫిల్టరుతో, నీలం ఫిల్టరుతో విడివిడిగా తీస్తే సయాన్ అనే లేతనీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు ఇంకులకు నెగటివ్‌లు వస్తాయి. నలుపుకు ఇంకొకటి. రంగంతా సన్నటి చుక్కలుగా మారుతుంది. ఒక్కో ఇంకు చుక్కల వరస ఒక్కో కోణంలో ఉండాలి: సయాన్‌ది 15 డిగ్రీలు, మెజెంటాది 75, నలుపుది 45, పసుపుది 90. కోణం తప్పిందా, బొమ్మ మీద పట్టుచీర నేతలాగా గళ్లు తేలతాయి.

పిల్లల బొమ్మల కథలకైతే కెమెరా పని తక్కువ, చేతి పని ఎక్కువ. చిత్రకారుడు నల్ల ఇంకుతో గీసి ఇచ్చేవాడు. చాలాసార్లు రంగుల నమూనా కూడా ఉండేది కాదు, అంచున పెన్సిలుతో "చీర ఆకుపచ్చ, గుర్రం తెలుపు" అని రాసి ఉండేది. మిగతాదంతా మా ఊహ. కింద దీపం వెలిగే గాజు బల్ల, లైట్ టేబుల్ మీద గీతబొమ్మ పెట్టి, దాని మీద ఎర్రటి మాస్కింగ్ ఫిల్మ్ పరిచి, గీత వెంట బ్లేడుతో కోయాలి. కోత సరిగ్గా నల్లగీత మధ్యలోకి రావాలి. ఇవతలికి వస్తే అచ్చులో తెల్ల సందు కనిపిస్తుంది, అవతలికి పోతే పక్క రంగులోకి పొర్లుతుంది. ఒక్కో పేజీకి నాలుగు ఫిల్ములు, 32 పేజీల పుస్తకానికి 128. మా మేనకోడలు కంప్యూటర్ మీద రంగును గీత కిందికి కాస్త జరుపుతుంటే మొదటిసారి చూసి, "ఇది నేను బ్లేడుతో చేసిన పనే కదమ్మా" అన్నాను. "అవును మావయ్యా, మీరు చేసిందే" అంది.

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఒంటి రంగు. మా దగ్గరికి వచ్చే విదేశీ రంగుల చార్టుల్లో మనిషి ఒంటికి చూపించేది గులాబీ. అమెరికా కామిక్స్‌లోనూ పావువంతు పసుపు, పావువంతు ఎరుపు కలిపి అదే రంగు వాడేవారు. దివిసీమ రైతుకు ఆ రంగు వేస్తే ఎవరో దొర పంచె కట్టుకుని నాగలి పట్టినట్టుంటుంది. కొంచెం సయాన్ చేరిస్తేనే మన మట్టిలో తిరిగిన మనిషి అవుతాడు. కానీ ఎక్కువైతే మొహం కమిలినట్టు కనిపిస్తుంది. ఎంత వేయాలన్నది ఏ చార్టూ చెప్పలేదు. అయిదు శాతం చొప్పున పెంచుకుంటూ ప్రూఫులు తీసి, మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు ఎండలో నా చేతి పక్కన పెట్టుకుని చూసుకునేవాణ్ని. ఆ తేడా పాఠకుడికి తెలియకపోవచ్చు. తన ఊరి మనిషిని చూసినట్టు మాత్రం అనిపిస్తుంది.

ఈ చేతి పనికి లోకమంతటా ఇలాంటి చరిత్రే ఉందని ఉద్యోగం మానాక చదివి తెలుసుకున్నాను. అమెరికా కామిక్స్ ఫిల్ములు చాలా ఏళ్లపాటు కనెక్టికట్ రాష్ట్రంలో ఆడవాళ్లు చేత్తో తయారు చేశారు. మూడు ఇంకులు, ఒక్కొక్కటి పావు, సగం, నిండు. అసలు వేయకపోవడాన్నీ లెక్కలోకి తీసుకుంటే మొత్తం 64 రంగులు. ఆ అరవై నాలుగింటితోనే వాళ్ల వీరులందరినీ నిలబెట్టారు. ఆ ఆడవాళ్ల పేర్లు ఆ పుస్తకాల్లో లేవు. హల్క్ అనే వాళ్ల కామిక్ వీరుడి సంగతి చదివినప్పుడైతే నాకు కుర్చీలోంచి లేచి ఎవరికైనా చెప్పాలనిపించింది. 1962లో మొదటి సంచికలో హల్క్ బూడిదరంగు మనిషి. ఆ బూడిద అచ్చులో ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా పడింది. రెండో సంచికకు ఆకుపచ్చ చేసేశారు. బూడిదరంగు ఎంత మొండిదో నాకు తెలుసు. ఇంకులు సమంగా పడితేనే నిలుస్తుంది, ఒకటి కాస్త బరువెక్కినా వేరే రంగుకు తిరిగిపోతుంది. మేం చేసిన వినాయకుడి కథలో ఎలుక అచ్చయ్యే ప్రతి ఫారం కాగితం మీదా గులాబీకి తిరిగిపోతుంటే మెషిన్‌మన్ రెండుసార్లు మిషను ఆపి నన్ను పిలిపించాడు. లోకానికంతా తెలిసిన ఆకుపచ్చ మనిషి వెనక ఉన్నది అచ్చు ఇంకు కష్టం. అది తెలిసినప్పుడు మా పనికి కూడా కథలో భాగం ఉందని మొదటిసారి గట్టిగా అనిపించింది.

కామిక్ కాన్‌లో ఇంకొకటి జరిగింది. నా జేబులో ఎప్పుడూ పాత లెన్స్ ఉంటుంది, ప్రెస్సులో చుక్కలు చూసుకునేది. పాత కామిక్స్ అమ్మే బల్ల దగ్గర ఒక విడి సంచిక కనిపిస్తే యజమానిని అడిగి దాని మీద లెన్స్ పెట్టాను. చుక్కలు కనిపించాయి. ఎరుపు వెంట్రుకవాసి పక్కకు జరిగి, రిజిస్టర్ తప్పి ఉంది. పక్కనున్న కుర్రాడు ఏం చూస్తున్నారని అడిగాడు. చూపించాను. గబ్బిలం ముసుగు వేసుకున్న ఆ పిల్లవాడు, చూడ్డానికి వీలుగా ముసుగు పైకెత్తుకుని, "ఇన్ని చుక్కలా!" అన్నాడు. తర్వాత ఇంకొకడు, తర్వాత ఇద్దరు అమ్మాయిలు. అరగంటసేపు ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. నారింజ రంగు అనేదే అక్కడ లేదని, పసుపు మీద ఎర్రచుక్కలు పడితే మన కన్నే దాన్ని నారింజ చేసుకుంటోందని చెబితే ఒకమ్మాయి లెన్స్ ఇవ్వకుండా నాలుగు పేజీలు వెతికింది. ఈ తరానికి తెలుసుకోవాలన్న ఆసక్తి లేదని ఎవరన్నా ఇకమీదట నేను ఒప్పుకోను.

అభిమానం పేరుతోనే మొదలవుతుంది. నా చిన్నప్పుడు చందమామ వస్తే ముందు చూసేది బొమ్మ మూలనున్న సంతకం. ఇది చిత్రా గారిది, ఇది శంకర్ గారిది, అట్ట మీద వ.పా. అని ఉంటే వడ్డాది పాపయ్య గారిది. ఆంధ్రపత్రిక వారపత్రికలో డుంబు అనే బొమ్మల కథను గీసింది బుజ్జాయి గారని మా వీధి పిల్లలందరికీ తెలుసు. సంతకం ఉంది కాబట్టే ఆ గీతను గుర్తుపట్టడం నేర్చుకున్నాం, ఎవరు గొప్ప అని పోట్లాడుకున్నాం, వాళ్లలా గీయాలని పలకలు పాడుచేసుకున్నాం. అమెరికాలో మేరీ సెవరిన్ వేసిన రంగులంటే ఇప్పటికీ ప్రాణం పెట్టే పాఠకులున్నారంటే ఆమె పేరు వాళ్లకు తెలిసింది కాబట్టే. కామిక్స్‌కిచ్చే ఐస్నర్ పురస్కారాల్లో 1992 నుంచి రంగులకు విడిగా బహుమతి ఉంది. మొదటిది స్టీవ్ ఆలిఫ్‌కి వచ్చింది, నలుపు తెలుపుల్లో ఉన్న జపాన్ కథ అకీరాకు కంప్యూటర్ మీద రంగులు వేసినందుకు. ఆ పురస్కారాలు ఇచ్చేది శాన్ డియాగో కామిక్ కాన్‌లోనే. 2023 జులైలో మన కల్కి సినిమా పేరు అక్కడ ప్రకటించారని మీరు పెద్ద అక్షరాల్లో వేసిన ఆ పండగే. 1970లో ఒక హోటల్లో సుమారు మూడు వందల మంది కామిక్స్ పాఠకులతో మొదలైంది అది. సినిమావాళ్లు తర్వాత వచ్చారు. హైదరాబాద్‌లో 2013 నుంచి జరుగుతున్న పండగకు కూడా పునాది ఆ బల్లల వెనక కూర్చున్నవాళ్లే. అందుకే వాళ్లను వదిలేస్తే నాకు బాధ కలిగింది.

సాయంత్రం సామాను సర్దుతూ మా మేనకోడలు అడిగింది: "మావయ్యా, మీ పేరు ఎప్పుడైనా పడిందా?" పడలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కసారీ పడలేదు. ప్రెస్సు పేరు మాత్రం ప్రతి పుస్తకంలో పడింది. ఎందుకంటే 1867లో వచ్చిన చట్టం అచ్చువేసినవారి పేరు, ఊరు తప్పకుండా వేయమంది. మీ పత్రికలో కూడా సంపాదకుల పేరు, ముద్రాపకుల పేరు రోజూ ఉంటాయి. పేరు వేయడానికి పట్టే చోటు ఎంతో మీకు తెలుసు, ఒక్క వరస. నా రోజుల్లో అడగాలని నాకు తట్టనేలేదు, జీతం వేళకు వస్తే చాలనుకున్నాను. ఆ అమ్మాయి అలా ఊరుకోవలసిన పని లేదు.

కాబట్టి సంపాదకుల వారికి నా మనవి ఇది. మీ ఆదివారం పిల్లల పేజీలో వచ్చే బొమ్మల కథ కింద ఇప్పుడు రచన, చిత్రాలు అని రెండు పేర్లే వేస్తున్నారు. రంగులు వేసినవారి పేరు, మాటల బుడగల్లో అక్షరాలు రాసినవారు వేరే ఉంటే వారి పేరు కూడా వేయండి. ఒకరే అన్నీ చేసి ఉంటే ఆ మాటే వేయండి. మీ పత్రిక మొదలుపెడితే పుస్తకాలు వేసేవాళ్లను మాలాంటివాళ్లం ధైర్యంగా అడగగలం. వచ్చే ఏడాది కామిక్ కాన్‌కు మీ విలేకరిని పంపినప్పుడు ఆ బల్లల వరసలోకి కూడా వెళ్లమనండి. నేను అక్కడే ఉంటాను, లెన్స్ తెస్తాను.

ఇంకొక్క మాట. పోయిన ఆదివారం కథలో నాలుగో గడి, చెరువుగట్టు మీద ముసలమ్మ కూర్చున్న బొమ్మ. నీళ్ల మీద సాయంత్రపు వెలుగుకు పసుపు వాడకుండా, పలచని మెజెంటా ఒక్కటే వేసి, గట్టు నీడలో సయాన్ ముంచారు. ముసలమ్మ చెంప మీద మాత్రం ఆ వెలుగు కొద్దిగా పడింది. ఆ పేజీ కత్తిరించి మా అమ్మాయికి పంపాను. ఆమె ఫోన్ చేసి ఎవరిదని అడుగుతోంది. ఆ పేరు దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, రిటైరైన కలర్ ప్రాసెస్ ఆర్టిస్టు,
సత్యనారాయణపురం, విజయవాడ.