ఫాస్‌డెమ్‌లో నా పది నిమిషాల వెనక ఉన్నవాళ్ళకు

బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) సాఫ్ట్‌వేర్ వాళ్ళ సభ ఫాస్‌డెమ్‌లో, ఓపెన్ రీసెర్చ్ డెవ్‌రూమ్‌లో (ఒక్కో అంశానికి కేటాయించే గదిని అక్కడ అలా అంటారు) నా పీహెచ్‌డీ పని గురించి పది నిమిషాలు మాట్లాడే అవకాశం వచ్చింది. బాగా జరిగింది. చూసినవాళ్ళు చాలామంది మెసేజ్‌లు పెట్టారు. వాటిలో నన్ను మెచ్చుకున్న మాటలు ఎక్కువగా వేరేవాళ్ళకు చెందాల్సినవి. వాళ్ళెవరో అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

మొదటి నమస్కారం ఎవరైనా ఉచితంగా చదువుకోగల ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలు అచ్చుదిద్దుతున్న వాళ్ళకు. పాత తెలుగు పుస్తకాల స్కాన్లను కంప్యూటర్ చేత సరిగ్గా చదివించడం నా పరిశోధన. దీనికి వాడే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ 1985లో హెచ్‌పీలో పుట్టింది, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. తెలుగు కూడా చదువుతుంది. కానీ 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి అది నేర్చుకున్నది ప్రధానంగా కంప్యూటర్ ఫాంట్లతో తయారుచేసిన వరుసల మీద. సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసిన పుస్తకం ఇస్తే తడబడుతుంది. పై వరుస ఒత్తులు దిగివచ్చి కింది వరుస గుడులకు తగులుతుంటాయి. అరసున్న కనిపిస్తే అది అక్షరమో, కాగితం మీది మరకో తేల్చుకోలేదు. ఇక నకారపొల్లు, అంటే పాత పుస్తకాల్లో 'న్' కు వాడిన ప్రత్యేక రూపం, దాని సంగతి చెప్పనక్కర్లేదు. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో దానికి సొంత చోటు దొరికిందే 2021లో.

కంప్యూటర్ చదివింది తప్పో ఒప్పో చెప్పాలంటే పక్కన సరైన పాఠం ఉండాలి. వికీసోర్స్‌లో ఒకరు దిద్దిన పుట పసుపు రంగులో కనిపిస్తుంది, ఇంకొకరు మళ్ళీ సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. నా లెక్కలన్నీ ఆ ఆకుపచ్చ పుటల మీద నిలబడ్డవే. జీతం లేకుండా, పేరు బయటికి రాకుండా, ఒక్కో ఱ-కారాన్నీ ఉన్నది ఉన్నట్టు ఉంచుతూ దిద్దిన మీరు లేకపోతే ఈ పరిశోధన మొదలయ్యేదే కాదు. స్లైడ్లలో మీ సంగతి చెప్పాను. అక్కడ చప్పట్లు పడ్డాయి, అవి మీవి.

మా గైడ్ గారికి కృతజ్ఞతలు. ప్రొసీడింగ్స్ (ప్రసంగాల పేపర్ల సంపుటి) వెయ్యని సభకు ప్రయాణ ఖర్చులు అడిగితే విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా మొహం చిట్లిస్తారు. పేపర్ రాదు కదా, దేనికి అంటారు. ఫాస్‌డెమ్‌లో ప్రవేశానికి రుసుం లేదు, రిజిస్ట్రేషన్ కూడా లేదు, అయినా రైలు టికెట్‌కు డబ్బు కావాలి కదా. ఈ పనిముట్లు రాసేవాళ్ళను నేరుగా కలిస్తే థీసిస్‌కే మేలు అని ఆయన దగ్గరుండి మాట్లాడి ఒప్పించారు.

రిహార్సల్స్ విన్న సీనియర్లకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ముఖ్యంగా హైదరాబాద్ నుంచి అర్ధరాత్రి వీడియో కాల్‌లో కూర్చున్న అక్కకు. "ఒత్తు అంటే తెలియనివాళ్ళు ఆ గదిలో కూర్చుని ఉంటారమ్మా, ముందు వాళ్ళకు చూపించు, తర్వాతే మోడల్ గురించి చెప్పు" అంది. నా మొదటి స్లైడ్‌లో ఉన్న, ఆ మోడల్ నిర్మాణం చూపే బొమ్మ తీయించి, పాత పుస్తకంలోని ఒకే ఒక్క వరుసను పెద్దది చేసి పెట్టించింది. గదిలో వెనక కూర్చున్నవాళ్ళు కూడా ముందుకు వంగి చూసింది ఆ వరుసనే. పరిశోధన చేసేవాళ్ళకు ఇలా నిర్దాక్షిణ్యంగా కోత పెట్టే మనిషి ఒకరు ఉండాలి. ఇరవై నిమిషాల ప్రసంగాన్ని పదికి కుదిస్తే మిగిలేది సగం కాదు, మనం నిజంగా ఏం కనుక్కున్నామో అదొక్కటే మిగులుతుంది.

ఫాస్‌డెమ్ నిర్వాహకులకు, డెవ్‌రూమ్ నడిపినవాళ్ళకు, వాలంటీర్లకు. 2000లో ఓఎస్‌డెమ్ అనే పేరుతో మొదలైన ఈ సభకు ఇప్పుడు వేలమంది రావడంతో యూనివర్సిటే లిబ్ర్ ద బ్రస్సెల్ వారి సోల్‌బోష్ క్యాంపస్ అంతా నిండిపోతుంది. గదులు నిండితే తలుపు దగ్గర వాలంటీర్లు నిలబడి మర్యాదగా ఆపుతారు. మా సెషన్‌లో ఒకరు టైము చూశారు, ఒకరు మైకు అందించారు. అందరూ సెలవు రోజుల్లో వచ్చి పనిచేస్తున్నవాళ్ళే.

నాతోపాటు మాట్లాడిన పీహెచ్‌డీ విద్యార్థులకూ రుణపడి ఉన్నాను. ఒకమ్మాయి జూపిటర్ నోట్‌బుక్‌లు (కోడ్, దాని ఫలితాలు, వివరణ ఒకేచోట ఉండే ఫైళ్ళు) కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ నడుస్తాయా అన్న విషయం మీద మాట్లాడింది. కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఉన్న లక్షల నోట్‌బుక్‌లను నడిపి చూసిన 2019 నాటి అధ్యయనం ఒకటుంది. వాటిలో తప్పుల్లేకుండా చివరిదాకా నడిచినవి నాలుగో వంతు కూడా లేవు, మళ్ళీ అవే ఫలితాలు ఇచ్చినవి 4 శాతమే. ఆమె మాట విన్న రాత్రే నా కోడ్ ఆధారపడే లైబ్రరీల (వేరేవాళ్ళు రాసిన కోడ్ కట్టల) వెర్షన్లన్నీ రాసిపెట్టాను. ఎలా చెయ్యాలో హాల్లో కూర్చుని చూపించింది కూడా ఆమే.

నా మనసులో అన్నిటికన్నా గట్టిగా నిలిచిపోయిన సాయం ఒక ప్రశ్న. ఫాంట్ల మీద పనిచేసే ఒక పెద్దాయన లేచి, "మీరు తప్పుల్ని కోడ్‌పాయింట్ల లెక్కన కొలుస్తున్నారా, చదివేవాళ్ళకు కనిపించే అక్షరాల లెక్కనా?" అని అడిగారు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు ముక్కలు, ఆ ఒక్కో ముక్కనే కోడ్‌పాయింట్ అంటారు. కంప్యూటర్ అందులో ఒక ఒత్తు జారవిడిస్తే ఒక లెక్కలో చిన్న పొరపాటు, ఇంకో లెక్కలో అక్షరం మొత్తం పోయినట్టే. ఈ రంగంలో పేపర్లు ఎక్కువగా మొదటి లెక్కే ఇస్తాయి, నేనూ అదే ఇచ్చాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడమన్నారు ఆయన. నకారపొల్లును కొందరు 2021 తర్వాతి కోడ్‌తో, కొందరు మామూలు 'న్' తో టైపు చేస్తారు కాబట్టి పోల్చే ముందు రెంటినీ ఒకే రూపంలోకి మార్చమని కూడా చెప్పారు. తెలుగు చదవడం రాని మనిషి తెలుగు గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించడం చూసి కళ్ళు చెమర్చాయి. సెషన్ అయ్యాక మెట్ల మీద కూర్చుని దాన్ని లెక్కించే విధానం కాగితం మీద రాసిచ్చారు. అది ఇప్పుడు నా థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతోంది. కృతజ్ఞతల పుటలో ఆయన పేరు తప్పకుండా ఉంటుంది.

వీడియో బృందానికి మా ఇంటి తరఫున ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ప్రతి గది నుంచీ లైవ్ వస్తుంది కాబట్టి తెనాలిలో అమ్మానాన్నలు, పక్కింటి పిన్నిగారు టీవీకి కలిపి చూశారు. నాన్నకు ఇంగ్లీషు అంతగా అర్థం కాకపోయినా తెరమీద పాత తెలుగు వరుస రాగానే పైకి చదివారట. రికార్డింగ్ కూడా క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంటుంది, ఎవరైనా పాఠాల్లో వాడుకోవచ్చు.

బ్రస్సెల్స్‌లో నన్ను ఇంట్లో ఉంచుకున్న స్నేహితురాలి అక్కకూ, బావగారికీ. టెన్షన్‌తో నాకు అన్నం సహించని రాత్రి చారన్నం కలిపి చేతిలో పెట్టారు. పొద్దున్నే చలిలో ట్రాము దాకా వచ్చి ఎక్కించారు.

తెలుగు రాష్ట్రాల్లో గానీ, బయట గానీ పీహెచ్‌డీ చేస్తూ ఇలాంటి చోట మాట్లాడాలని ఉన్నవాళ్ళకు ఒక మాట. డెవ్‌రూమ్‌ల ప్రకటనలు సాధారణంగా చలికాలం ముందు వస్తాయి, అడిగేది చిన్న సారాంశమే. పని పూర్తయ్యేదాకా ఆగకండి. ప్రసంగం రాసుకున్నాక వినేవాళ్ళు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి. ఆదివారం సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను. కోతలు పెట్టడానికి మా అక్కను కూడా పిలుస్తాను, ఒప్పుకుంది.